ఆపదలో రసీదు అడగొద్దు!

ఉట్నూర్ మండల ప్రజలారా! ఇంద్రవెల్లి, నార్నూర్, గాదిగూడ, జైనూర్ దిక్కు నుంచి మన అంగడికి, మన దవాఖానకు వచ్చే అన్నలారా, అక్కలారా, గూడేల పటేళ్లారా, తండాల నాయకులారా!

ఈ మధ్య బస్టాండు చాయ్ హోటళ్లలో ఒక మాట నడుస్తున్నది. "108 టైముకు వస్తలేదు. ఫైరింజను వచ్చేసరికి బూడిదే మిగులుతున్నది. సర్కారును నమ్ముకుంటే అయ్యేది లేదు. ఇంటికి నెలకు ఇంత అని వేసుకుందాం, మనమే ఒక బండి పెట్టుకుందాం. ఇష్టమున్నోళ్లు ఇస్తరు, లేనోళ్లు లేదు. ఇచ్చినోళ్ల ఇంటికి బండి వస్తది."

ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల కోపం మా కోపం కూడా. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను ఎడ్లబండి మీద వాగు దాటించిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోను చేసిన పిల్లలు ఇదే అంగడిలో తిరుగుతున్నారు. అయినా ఆ చివరి మాట దగ్గర మాత్రం మేము ఆగిపోయాం. ఇచ్చినోళ్ల ఇంటికి వస్తది సరే, ఇవ్వనోళ్ల ఇంట్లో పాము కరిస్తే?

మా మాట సూటిగా చెప్తున్నాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రావలసిన బండి, నిప్పంటుకున్నప్పుడు రావలసిన ఇంజను ఇష్టముంటే కట్టే చందా మీద నడవకూడదు. అందరి దగ్గరా ముందే వసూలు చేసిన పన్ను మీద నడవాలి, పిలిచిన ప్రతి మనిషికీ రావాలి. సర్కారు ఆ పని సరిగా చేయకపోతే వెంటపడి చేయించుకోవాలి. ఆ బరువు మన నెత్తికెత్తుకుని సర్కారును ఇంటికి పంపించేస్తే మళ్లీ ఎవరిని అడుగుతాం?

నెలకు వంద అనుకుందాం. ఉద్యోగికి వంద పెద్ద లెక్క కాదు, ఒకటో తారీఖు జీతం పడుతుంది. పత్తి రైతుకు ఒకటో తారీఖు లేదు. దసరా దాటి మొదటి ఏరుడు మొదలైతే సంక్రాంతి దాకా ఇంట్లో నాలుగు నోట్లు కనబడతాయి. విత్తనాల బాకీ, మందుల బాకీ, సాహుకారి మిత్తి పోను మిగిలింది ఎండాకాలం పెండ్లిళ్లకు, ఇంటి కప్పుకు సరిపోతే గొప్ప. మిరుగు వచ్చేసరికి మళ్లీ అప్పు. మరి జ్వరాలు ఎప్పుడొస్తాయి? మలేరియా, డెంగీ, టైఫాయిడ్, అన్నీ వానలతోనే దిగుతాయి. పాము కరిచేది అప్పుడే, చేనులో పిడుగు పడేది అప్పుడే, వాగు పొంగి ఊరు దీవి అయ్యేది అప్పుడే. చేతిలో రూపాయి ఆడని నెలలు, బండి అవసరం ఎక్కువగా పడే నెలలు మన దగ్గర ఒకటే. ఏ చందా పుస్తకం తెరిచినా ఆగస్టు గడి ఎవరి పేరు ఎదురుగా ఖాళీగా ఉంటుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. కొలాం గూడెం, తోటి గూడెం, కౌలుకు చేసుకునే ఇల్లు, కొడుకులు వలస పోయిన ముసలమ్మ. ఇష్టం లేక కట్టనివాళ్లు కొందరుంటారు, ప్రతి ఊళ్లో ఉంటారు. చేతిలో లేక కట్టనివాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు. చందా పుస్తకంలో ఇద్దరికీ ఒకే ఖాళీ గడి.

ఇంకా, ఇంటి లెక్కకు అందని మనుషులు మన దగ్గర ఎంతమంది! ఆశ్రమ పాఠశాల హాస్టల్లో అర్ధరాత్రి వణుకుజ్వరం వచ్చిన ఆరో తరగతి పిల్ల పేరు ఏ ఇంటి రసీదులో ఉంటుంది? పత్తి ఏరడానికి మహారాష్ట్ర నుంచి వచ్చి చేను గట్టు మీదే గుడిసె వేసుకున్న కూలీల పేరు? పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు బండ్లు కట్టుకుని వచ్చే వేలమంది పేర్లు? గుడిహత్నూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ బోల్తా పడితే ఆ డ్రైవరు పంజాబువాడో తమిళనాడువాడో. అతని జేబులో ఉట్నూర్ చందా కార్డు వెతుకుతామా?

నిప్పు సంగతి వేరే చెప్పాలి.

డిసెంబరులో మన పల్లెల్లో ఏ పత్తి రైతు ఇంట్లోకైనా తొంగి చూడండి. ముందు గది నిండా పత్తి, వాసాల దాకా. మంచం వాకిట్లోకి పోయింది. పిల్లలు పత్తి మీదే పడుకుంటారు, దుమ్ముకు దగ్గుతుంటారు. సీసీఐ వాళ్లు ఎప్పుడు కొంటారో, తేమ ఎంత ఉందంటారో అని ఎదురుచూపు. వెనక గదిలో కట్టెల పొయ్యి. పైన ఒక వైరుకు వేలాడే బల్బు, అతుకు దగ్గర ఊడిపోయిన టేపు. రవ్వ పడితే చాలు. పత్తి మంటతో ఇంకో తంటా ఉంది, అది లోపల్లోపలే రాజుకుంటూ పోతుంది. నాలుగు బిందెలు కుమ్మరించి ఆరిందనుకుని వెనక్కి తిరిగితే గంటకు మళ్లీ లేస్తుంది. కుప్ప మొత్తం బయటికి లాగి, విప్పి, తడిపితే తప్ప చావదు. అటువంటి ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక తడక. కట్టిన ఇల్లేదో కట్టని ఇల్లేదో మంటకు ఎవరు చెప్తారు?

మంటకు అట్లా చెప్పబోయిన ఊరు ఒకటుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో సౌత్ ఫుల్టన్ అనే చిన్న పట్టణం. అక్కడి ఫైరింజను పట్టణంలో అందరికీ వెళ్తుంది. పట్టణం బయట ఉన్న పల్లె ఇండ్లవాళ్లు మాత్రం 2010లో ఇష్టముంటే ఏడాదికి 75 డాలర్లు కట్టుకునేవాళ్లు. అప్పటి మారకంలో మన మూడువేల చిల్లర రూపాయలు. కట్టినవాళ్లకే ఇంజను వెళ్లేది. 2010 సెప్టెంబరు 29న ఫీజు కట్టని ఒక కుటుంబం ఇంటికి మంట అంటుకుంది. ఎంతైనా కడతాం రండి అని ఫోనులో మొత్తుకున్నారు. జాబితాలో పేరు లేదన్నారు. చివరికి ఇంజను వచ్చింది. ఎందుకు వచ్చింది? మంట పక్కవాళ్ల స్థలంలోకి పాకింది, వాళ్లు ఫీజు కట్టారు. సిబ్బంది కట్టినవాళ్ల స్థలం మీద నీళ్లు కొట్టారు, కట్టనివాళ్ల ఇల్లు కళ్లముందు కాలిపోయింది. మూడు కుక్కలు, ఒక పిల్లి అందులోనే చచ్చిపోయాయి. నీళ్లున్నాయి, పైపులున్నాయి, మనుషులున్నారు. రసీదు లేదు.

ఆ సిబ్బందిని తిట్టి లాభం లేదు. పైవాడు పెట్టిన నియమం అది. "కట్టనివాడికీ ఆర్పితే రేపు కట్టేవాడెవడు?" అని పట్టణంవాళ్లు అడిగారు. ఈ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు, మన చాయ్ హోటల్లోనూ ఇదే వినబడుతుంది. అందుకే దాన్ని దాటవేయకుండా చూద్దాం. అందరికీ అవసరం, ఎవరికి ఎప్పుడో తెలియదు, ఒకడికి చేస్తే పక్కవాడికీ మేలు, ఒకడికి మానేస్తే పక్కవాడికీ కీడు. ఇటువంటి ఖర్చును చందాగా పెడితే ఎగ్గొట్టేవాళ్లుంటారు, పన్నుగా పెడితే ఆ పంచాయితీయే ఉండదు. అక్కడ ఆ ఒక్క అడుగు పడలేదు, ఆ ఇల్లు కాలిపోయింది.

లండన్‌వాళ్లకు ఇది తెలియడానికి రెండు వందల ఏండ్లు పట్టింది. 1666లో ఊరు తగలబడ్డాక బీమా కంపెనీలు పుట్టాయి, తమ ఖాతాదారుల ఇండ్లకు లోహపు బిళ్లలు కొట్టాయి, తమ తమ ఇంజన్లు పెట్టుకున్నాయి. బిళ్ల లేని ఇంటిని చూస్తూ వదిలేశారని కథలు చెప్తారు, వాటిలో అతిశయోక్తి ఎక్కువ. బిళ్ల లేని ఇల్లు కాలితే బిళ్లున్న ఇల్లూ కాలుతుందని వ్యాపారికి తెలియదా! 1861లో టూలీ వీధి గోదాములు కాలినప్పుడు నష్టం తట్టుకోలేక కంపెనీలే చేతులెత్తేశాయి, ఇది మా వల్ల కాదని సర్కారుకు చెప్పాయి. 1865లో చట్టం వచ్చింది, మరుసటేడు నుంచి లండన్ మంటలు ఆర్పడం ప్రజల ఖర్చు మీద నడిచే దళం పని అయింది. అంత డబ్బున్న కంపెనీలే వదిలేసిన పనిని మనం పత్తి పైసలతో చేద్దామంటున్నాం.

అంత దూరం ఎందుకు, మన 108 కథే చూడండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో అది మొదలైంది. మొదలుపెట్టింది సర్కారు కాదు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు వెనక ఉండి నడిపించిన ఈఎంఆర్ఐ సంస్థ. డబ్బున్నవాళ్ల దానంతో పుట్టిన సేవ, కాదనడం లేదు, మంచి పని. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుని నడిపే ఖర్చులో 95 శాతం దాకా ఖజానా నుంచి ఇవ్వసాగింది. 2009 జనవరి 7న రామలింగరాజు తన కంపెనీ లెక్కలన్నీ తప్పని ఉత్తరం రాశారు. దేశమంతా అదిరింది. ఆ రోజు 108 దాత చేతిమీదే ఆధారపడి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. డీజిలుకు, జీతాలకు వచ్చే సొమ్ములో అత్యధికం అప్పటికే జనం పన్ను, కాబట్టి బండ్లు ఆగలేదు. ఆ ఏడాదే నిర్వహణ జీవీకే అనే కంపెనీ చేతికి మారింది. బండి మీద పేరు మారింది, నంబరు మారలేదు.

నిన్నమొన్నటి సంగతి కూడా అంతే. 2023 ఆగస్టు 1న హైదరాబాదులో ఒకేసారి 466 బండ్లకు జెండా ఊపారు. 108 అంబులెన్సులు 204, బాలింతలను గర్భిణులను తీసుకెళ్లే అమ్మఒడి బండ్లు 228, శవాలను ఇంటికి చేర్చేవి 34. జెండా ఊపింది ముఖ్యమంత్రి, పైసలు మనవి. అగ్గిపెట్టె కొన్నా పన్ను, సబ్బు కొన్నా పన్ను, ట్రాక్టర్లో డీజిలు పోసినా పన్ను. సాయంత్రం పూట సీసా తెచ్చుకునే అన్నలైతే మరీ ఎక్కువ కట్టారు, ఖజానా తరఫున వాళ్లకు ప్రత్యేక వందనాలు. మాకు పన్ను లేదు, మేము పేదవాళ్లం అని ఏ గూడెంలోనూ ఎవరూ తల దించుకోనక్కర్లేదు. 108 ఎక్కినవాడు దానం పుచ్చుకోవడం లేదు.

ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు కనబడుతుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద వేసే లెక్క అది. పుస్తకం పట్టనివాడూ కడతాడు, మేము చదవం మాకొద్దు అనే వీలు లేదు. పుస్తకానికే ఇష్టాయిష్టాలు వద్దని అప్పుడు అనుకున్నారు. ఊపిరాడని పసిపిల్లకు ఆక్సిజన్ మాత్రం ఇష్టమున్నవాళ్ల చందా మీద ఉండాలా?

చట్టం మన వైపే ఉంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని ముందు బతికించాలి, కాగితాలు తర్వాత. 1996లో ఇంకో తీర్పు. పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ సంఘం సభ్యుడు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారు దవాఖానలు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదు, మిషను లేదు అని పంపించేశాయి. చివరికి ప్రైవేటులో సొంత ఖర్చుతో వైద్యం చేయించుకోవలసి వచ్చింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణమిచ్చిన జీవించే హక్కును కాలరాయడమేననీ, పైసలు లేవనే సాకుతో సర్కారు తప్పించుకోలేదనీ కోర్టు అన్నది, పరిహారం ఇప్పించింది. ఆ కేసు వేసింది పెద్ద వకీళ్ల సంఘం కాదు, కూలీల సంఘం.

"ఈ తీర్పులన్నీ మోసుకుపోయి వాగు దాటిస్తాయా?" అని ఒక అన్న అడగొచ్చు. అడగాల్సిందే. జవాబు కూడా ఆ వాగు దగ్గరే ఉంది. 108 ఆలస్యమైన ఊళ్లను వరుసగా గుర్తు చేసుకోండి. బండి లేక ఆలస్యమైనవి కొన్ని. దారి లేక ఆలస్యమైనవి, కల్వర్టు కొట్టుకుపోయినవి, సిగ్నల్ లేక ఫోనే కలవనివి ఎన్నో. రేపు మనం చందాలతో బండి కొంటే అది ఆ వాగులో ఈదుతుందా? రోడ్డు అడిగితే అటవీశాఖ అనుమతి లేదంటారు, 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం కూడా తోడైంది. అక్కడ మన చేతిలో ఒక ఆయుధం ఉంది, వాడుకున్నది తక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షనులోనే రాసి ఉంది: రోడ్డు, దవాఖాన, బడి, తాగునీటి వంటి 13 రకాల పనులకు, ఒక్కో పనికి హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, ఇవ్వొచ్చు. దానికి కావలసింది గ్రామసభ సిఫారసు. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, చెట్టు కింద కూర్చుని తీర్మానం రాయాలి. తీర్మానం రాయడానికి చందా అక్కర్లేదు, మనుషులు రావాలి.

ప్రైవేటు అంబులెన్సుల సంగతి కూడా ఒక మాట. ఉట్నూర్ దవాఖానలో పెద్దదానికి తీసుకుపొమ్మని రాసిస్తే ఆదిలాబాద్ రిమ్స్ యాభై కిలోమీటర్లకు అటూఇటూ. గేటు దాటగానే బేరం మొదలు. ఆక్సిజన్‌కు వేరే, రాత్రయితే వేరే. ఆపదలో ఉన్నవాడు బేరమాడలేడు, ఆ సంగతి కిరాయి చెప్పేవాడికీ తెలుసు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో పదేండ్ల కొడుకు చనిపోతే, అక్కడి అంబులెన్సువాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి నుంచి తక్కువకు కుదుర్చుకున్న బండిని వాళ్లు రానివ్వక, ఒక తండ్రి ఆ పిల్లవాణ్ని బైకు మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకుపోయాడు. మన చందా బండి మొదట్లో సేవే. మరి రెండేండ్లకు డ్రైవరు జీతం పెరిగి, టైర్లు అరిగి, ఇంజను పనికి వచ్చాక? కట్టనివాళ్ల దగ్గర కొంచెం ఎక్కువ తీసుకుందాం అని ఒక తీర్మానం అవుతుంది. ఆ తర్వాత అది కిరాయి బండే, పైన రాసిన పేరు ఏదైనా.

చందాలకు మేము వ్యతిరేకమా? ఈ గడ్డ మీద ఆ మాట అనగలమా? కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు ఎవరి ముందూ చేయి చాపకుండా తమలో తాము వేసుకుని నాగోబాకు రాతి గుడి కట్టుకున్నారు, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. చందా అంటే అటువంటిది. అయినా జాతరకు వచ్చినవాళ్లను రసీదు చూపించమని గుడి ముందు ఎవరూ నిలబెట్టరు. ఊళ్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే తలా ఇంత వేసి ఆదిలాబాదుకో నాగపూరుకో పంపడం మనకు అలవాటే. మంచాన్ని భుజాల మీద మోసిన ఆ నలుగురిలో ఒక్కడూ కూలి అడగలేదు. అది కొనసాగాలి. ఎవరైనా దాతలుంటే దవాఖానకు స్ట్రెచరు ఇవ్వండి, గూడేనికి ప్రథమ చికిత్స పెట్టె ఇవ్వండి, ఆశా కార్యకర్తకు టార్చిలైటు, గొడుగు కొనివ్వండి. ఇచ్చినవాళ్ల జాబితా మాత్రం బండిలో పెట్టకండి.

ఇప్పుడు పని సంగతి.

మొదటిది, ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇరవై రూపాయల పుస్తకం చాలు. 108కో 101కో 112కో ఫోను చేసిన ప్రతిసారీ రాయండి: ఏ రోజు, ఎన్ని గంటలకు చేశాం, ఏమన్నారు, బండి ఎన్నింటికి వచ్చింది, ఎక్కడిదాకా వచ్చింది, రాకపోతే రోగిని ఎట్లా తీసుకుపోయాం, కిరాయి ఎంతైంది. బండి బాగా వచ్చిన రోజూ రాయండి, అబద్ధాల పుస్తకమని ఎవరూ తోసేయకుండా. బడికి పోయే పిల్లలున్న ఇంట్లో పెడితే రాయడం ఆగదు. అధికారి ముందు "ఎప్పుడూ రాదు సారూ" అంటే "ఎప్పుడు రాలేదో చెప్పండి" అంటాడు. అప్పుడు తెరవడానికి ఈ పుస్తకం.

అధికారులను కాగితం మీద కూడా అడుగుదాం. సమాచార హక్కు చట్టం కింద పల్లె స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10. తెల్లకార్డువాళ్లకు అదీ లేదు. మన ప్రాంతానికి ఎన్ని 108 బండ్లు, అవి ఎక్కడ నిలుస్తాయి, గడచిన ఏడాది ఎన్ని రోజులు షెడ్డులో ఉన్నాయి, బాగైన దాకా బదులు బండి వచ్చిందా, ఎన్ని ఫోన్లకు ఎంతసేపట్లో చేరాయి. ఇవి ఐదు ప్రశ్నలే. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది. దరఖాస్తు రాయడం రానివాళ్లకు మేము రాసిపెడతాం.

పంచాయతీ ట్యాంకరు సంగతి చూడండి. పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. ఆ ట్యాంకరు ఇప్పుడు రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోస్తున్నది, పోయనీయండి. దానికి కింద ఒక వాల్వు ఉంటుంది, తిప్పితే నీళ్లు నేల మీద పారుతాయి. ఇంటి కప్పు మీది మంటకు అది పనికిరాదు. ఒక చిన్న డీజిలు పంపు, కప్పు దాకా నీళ్లు కొట్టేంత పైపు బిగిస్తే ఫైరింజను వచ్చేదాకా ఊరును కాపాడేది అదే. పత్తి ఇండ్లలో ఉన్నన్ని రోజులు, ఆ తర్వాత ఇప్పపువ్వు ఏరడానికి ఆకులకు నిప్పుపెట్టే రోజులు దాటేదాకా, సాయంత్రం ట్యాంకరు నింపి పెట్టాలి. తాళంచెవి సెక్రటరీ దగ్గర కాకుండా ఊళ్లో ఉండే మనిషి దగ్గర ఉండాలి. పంపుకు, డీజిలుకు పంచాయతీ నిధి నుంచి ఖర్చు పెట్టమని గ్రామసభలో తీర్మానం చేయించండి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో అదీ నోటు పుస్తకంలో రాయండి.

వానాకాలం వాగు అవతల ఉండిపోయే ఊళ్లలో నెలలు నిండిన ఆడవాళ్లను పది రోజుల ముందే ఉట్నూర్ తెచ్చి ఉంచే ఏర్పాటు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేయాలి. తోడు వచ్చిన తల్లికో అత్తకో కూడా అన్నం పెట్టాలి. లేకపోతే ఏ ఆడబిడ్డా వచ్చి ఉండదు. ఈ తోడు మనిషి అన్నం సంగతి రాసుకునే అధికారి ఇప్పటిదాకా మాకు తగల్లేదు, అందుకే పెద్ద అక్షరాలతో రాసి ఇద్దాం.

ఇక ఎవరైనా కార్డు పట్టుకుని ఇంటికి వస్తే, నెలకు ఇంత కట్టండి ఆపదకు బండి మీదే అంటే, కొట్లాడకండి. కూర్చోబెట్టి చాయ్ పోసి ఒక్కటే అడగండి: కట్టని ఇంటి నుంచి ఫోను వస్తే మీ బండి పోతుందా, పోదా? పోతుందంటే కార్డు ఎందుకు? పోదంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు ఐటీడీఏ ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం. ప్రతి ఊరి నుంచి ఇద్దరు, వాళ్లలో ఒకరు ఆడవాళ్లు ఉండేటట్టు చూడండి. ఆధార్ కాగితం, రాసిన మటుకు నోటు పుస్తకం, గ్రామసభ తీర్మానం ఉంటే దాని నకలు తెచ్చుకోండి. నోటు పుస్తకం ఇంకా మొదలుపెట్టని ఊరివాళ్లు గడచిన వానాకాలంలో గుర్తున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకురండి. జ్వరాలతో ఇంట్లో మనుషులు పడుకుని ఉన్నవాళ్లు రానక్కర్లేదు, కాగితాలు పక్కింటివాళ్ల చేత పంపండి.

ఈ కాగితం జేబులో మడిచి పెట్టుకోకండి. చదివినవాళ్లు చదవనివాళ్లకు గోండిలో, కొలామీలో, లంబాడీలో, మరాఠీలో, ఉర్దూలో చెప్పండి. రేపటి అంగడిలో ఇంకొకరికి ఇవ్వండి.

ఇట్లు
ఉట్నూర్ ప్రాంత పౌరులు కొందరు